సద్ది లెక్క

పింఛనుదారుల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను గుమాస్తాను స్వామీ, చరిత్రకారుణ్ణి కాదు" అన్నాను. "గుమాస్తాలు వ్రాయని చరిత్ర ఏముంది? రాజులు సంతకాలే కదా పెట్టింది" అన్నారాయన. ఆ మాటకు కాదనలేక ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను. రాజుల గురించి కాదు, కోటల గురించీ కాదు. మనలో చాలామందిమి ముప్పై, ముప్పై అయిదేళ్ళు చేత పట్టుకుని తిరిగిన ఒక వస్తువు గురించి. అది మన సద్ది డబ్బా.

మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది సామాను దించితే, 1974 నాటి నా ఇంటి లెక్కల నోటుపుస్తకం దొరికింది. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, నెలాఖరున నిలవ. అందులో ప్రతి నెలా ఒక పద్దు కనిపించింది: "హోటలు మిగులు". మధ్యాహ్నం హోటలుకు పోకుండా ఇంటి సద్ది తినడం వల్ల మిగిలిన డబ్బు అన్నమాట. నా పొదుపుకు నేనే మురిసిపోయి మా ఆవిడకు చూపించాను. ఆమె అడిగిన ఒక్క ప్రశ్నతో నా మురిపెం దిగిపోయింది. ఆ ప్రశ్న ఏమిటో తరువాత చెప్తాను. దానికి జవాబు వెతుకుతూ పోతే ఇంత చరిత్ర తగిలింది.

మాటల మూట

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పనికి కట్టుకుని పోయే భోజనానికి ఒక్క పేరు లేదు. తెలుగులో సద్ది. సరిహద్దు దాటకుండానే వినిపించే కన్నడంలో బుత్తి. ఆదోని బజారులో ఉర్దూ మాట్లాడే సాయిబులు దాన్ని తోషా అంటారు, డబ్బాను తోషదాన్ అంటారు. ఇంగ్లీషు దొరలు ఇక్కడికి వచ్చాక పుట్టించుకున్న టిఫిన్ అనే మాట అందరి నోళ్ళలోకీ దూరి, చివరకు క్యారియర్ అయి కూర్చుంది. మా కార్యాలయంలో ఒంటిగంటన్నర గంట కొట్టగానే ఈ నాలుగు మాటలూ ఒకేసారి వినిపించేవి.

సద్ది అంటే అసలు చలిది, అనగా చల్లబడినది. కోస్తావారు చద్ది అంటారు. పోతనగారు భాగవతం దశమ స్కంధంలో చల్దులు అన్నారు. యమున ఒడ్డున కృష్ణుడూ గోపబాలురూ మూటలు విప్పుకుని తినే ఆ ఘట్టం మనమందరం బడిలో చదువుకున్నదే. పొలానికి పోయే రైతు, మందను తోలుకుపోయే కాపరి, ఊళ్ళు తిరిగే బేరగాడు, అందరికీ సద్దే ఆధారం. మన వైపు జొన్నరొట్టె రెండు రోజులైనా చెడదు. ఎండబెట్టి కరకరలాడించిన రొట్టె పది రోజులకు కూడా పనికి వస్తుంది. కోసిగి, మంత్రాలయం వైపు నుండి సుగ్గి పనులకు గుంటూరు మిరపచేలకు వలసపోయేవాళ్ళు ఈనాటికీ ఆ రొట్టెలే మూటకట్టుకుని బస్సెక్కుతారు. వానలు సరిగా పడని సీమలో చెడని తిండే నిజమైన ఆస్తి.

మగ్గం ఉన్న ఇంట్లో సద్ది లేదు

ఇంత చెప్పినా, మా వంశంలో సద్ది కట్టుకుని పనికి పోయిన మొదటివాణ్ణి నేనే. మా నాయన ఎమ్మిగనూరులో నేతగాడు. గుంత మగ్గం మా పడసాలలోనే ఉండేది. ఆకలైతే నాడె పక్కన పెట్టి, గుంతలో నుండి కాళ్ళు పైకి తీసి, అక్కడే పళ్ళెం ముందు కూర్చునేవాడు. పని, ఇల్లు, తిండి మూడూ ఒకే కప్పు కింద. మా అమ్మ ఒక చేత్తో కండెలు చుడుతూ ఇంకొక చేత్తో పొయ్యి చూసుకునేది. ఆ కండెలకు కూలి లేదు, వంటకు అసలే లేదు. బట్ట అమ్మితే వచ్చిన డబ్బు మాత్రం "నాయన నేసిన డబ్బు".

1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు అప్పు ఇచ్చే షావుకారు మీద ఆధారపడి బతికిన ఇళ్ళకు అది పెద్ద అండ అయింది. సంఘం ద్వారా నూలు వచ్చేది, నేసిన బట్ట సంఘానికి పోయేది. మా ఇంట్లో నేను చదువుకోగలిగానంటే ఆ ఏర్పాటు చలవే. అయినా మగ్గం ఇంట్లోనే ఉండేది కనుక సద్ది అవసరం రాలేదు. ఇల్లు ఒకచోట, పని ఇంకొకచోట అయినప్పుడే సద్దికి పని పడుతుంది. మన ప్రాంతంలో అలా పనినీ ఇంటినీ విడదీసిన పెద్ద సంఘటనలు రెండు: ఒకటి కరువు, రెండవది రైలు.

పౌను గింజల కూలి

1876 నుండి 1878 వరకు పట్టిన ధాత కరువు గురించి మన అవ్వలు కథలుగా చెప్పేవాళ్ళు. అప్పటికి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది మనవైపు వచ్చింది. మద్రాసు రాజధానిలో ఆ కరువుకు ఎక్కువగా నలిగిన జిల్లాల్లో బళ్ళారి, కర్నూలు ముందుంటాయి. కరువు పనులు పెట్టారు. ఇల్లు విడిచి, ఊరు విడిచి జనం మట్టిపనికి పోయారు.

1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి ఖర్చు ఎక్కువవుతున్నదని కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా నిండదు, దాదాపు 450 గ్రాములు. ఆ తిండితో పొద్దంతా మట్టి మోయాలి. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనిషి ప్రాణం నిలబెట్టే తిండి కాదని గట్టిగా వాదించాడు. తరువాత ఆ కూలి పెంచారు.

పనికి పోయిన మనిషి ఎంత తినాలి అన్న లెక్కను సర్కారు కాగితం మీద వేయగా నేను చదివినవాటిలో ఇదే పాతది. లెక్కలో గింజలు ఉన్నాయి, అణా ఉంది. ఆ గింజలను దంచి, నీళ్ళు లేని కాలంలో నీళ్ళు మోసుకొచ్చి, పుల్లలు ఏరి వండిన మనిషి మాత్రం అందులో లేదు. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. అప్పుడు నేను పసివాణ్ణి. ఆ గంజి కోసం ముంత పట్టుకుని వరుసలో నిలబడ్డ సంగతి మా అమ్మ చెప్పేది. గంజి సర్కారుది, నిలబడింది ఆమె.

మిల్లు గేటు ముందర

ఇక రైలు. మద్రాసు నుండి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుండి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. దానితో ఆదోని ప్రత్తి వ్యాపారానికి రెక్కలు వచ్చాయి. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు లేచాయి. ఊరికి రెండవ బొంబాయి అని పేరు పడింది. చుట్టుపక్కల పల్లెల నుండి ఆడవాళ్ళు గుంపులుగా మిల్లు పనికి వచ్చేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పొద్దున బస్సు దిగి నడుస్తుంటే, తలమీద సద్దిగుడ్డ మూట, చంకలో పసిబిడ్డతో వాళ్ళు ఎదురయ్యేవాళ్ళు. మూటలో రొట్టె, ఒక ఉల్లిగడ్డ, కాసింత కారం. మధ్యాహ్నం మిల్లు గోడ నీడలో కూర్చుని తినేవాళ్ళు.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 1949 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 47వ సెక్షనులో మామూలుగా 150 మంది కంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీలో విశ్రాంతి గదులతోపాటు ఒక భోజనాల గది ఉండాలని, అందులో తాగునీరు ఉండాలని, పనివాళ్ళు తాము తెచ్చుకున్న భోజనం అక్కడ తినడానికి వీలు ఉండాలని వ్రాశారు. 250 మందికి మించితే 46వ సెక్షను ప్రకారం క్యాంటీను పెట్టించే వీలుండేది. వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించకుండా మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 55వ సెక్షను చెప్పేది. చట్టాలు చదవడం నా వృత్తిలో భాగం. సద్దికి గది కట్టించమన్న ఆ 47వ సెక్షను చదివినప్పుడు మాత్రం మనసు కొంచెం కరిగింది. ఎవరో ఒక ముసాయిదా వ్రాసే గుమాస్తా తన సద్ది డబ్బా పక్కన పెట్టుకుని ఆ వాక్యం వ్రాసి ఉంటాడనిపించింది.

కానీ 150 మంది లేని మిల్లుకు ఆ నిబంధన వర్తించేది కాదు. అక్కడ చెట్టే భోజనాల గది. గది వచ్చిన చోట కూడా, మిల్లుకు పోయే ముందు ఆ రొట్టె తట్టింది ఆ ఆడమనిషే. మగవాడికి ఒక్క షిఫ్టు, ఆమెకు రెండు.

బస్సు మీద వచ్చే అన్నం

ఆదోని నుండి ఆ రైలెక్కితే చివరకు బొంబాయి చేరతాము. అక్కడ 1890లో మహాదేవ్ హవాజీ బచ్చే అనే ఆయన ఇళ్ళ నుండి కార్యాలయాలకు భోజనం చేరవేసే పని మొదలుపెట్టాడని చెబుతారు. వాళ్ళే డబ్బావాలాలు. 1956లో ఒక ట్రస్టుగా ఏర్పడ్డారు. తలపాటి గంపల్లో, సైకిళ్ళ మీద, లోకల్ రైళ్ళలో డబ్బాలు చేరవేస్తూ ఒక దశలో దాదాపు అయిదు వేల మంది పనిచేశారు. డబ్బా మూత మీద రంగు గుర్తులు, అంకెలు చూసి ఏ ఇంటిది ఏ అంతస్తుకు పోవాలో పొరపాటు లేకుండా తేల్చేవాళ్ళు. 2020లో కరోనా వచ్చి కార్యాలయాలు మూతపడ్డాక వారి సంఖ్య బాగా తగ్గిపోయింది.

మన దగ్గర డబ్బావాలాలు లేరు. మనకు ఆర్టీసీ బస్సు ఉండేది. పల్లె నుండి ఆదోనిలో, కర్నూలులో చదువుకునే పిల్లలకు, ఒంటరిగా ఉండే చిరుద్యోగులకు తల్లులు పొద్దున బస్సులో క్యారియర్ పెట్టి పంపేవాళ్ళు. కండక్టరు సీటు కింద పది పన్నెండు క్యారియర్లు గలగలమంటూ వచ్చేవి. హ్యాండిలుకు కట్టిన గుడ్డపేలికను బట్టి ఎవరిదో పోల్చుకునేవాళ్ళం. సాయంత్రం బస్సుకు ఖాళీవి తిరిగి పోయేవి. బొంబాయిలో మోసినవాడికి నెలకు ఇంత అని ముట్టేది. మన కండక్టరుకు కనీసం "నీకు పుణ్యం ఉంటుందప్పా" అన్న దీవెన దక్కేది. వండినవాళ్ళకు అక్కడా ఇక్కడా ఖాతా లేదు.

నా నోటుపుస్తకం

నేను 1973లో ఆదోనిలో గుమాస్తాగా చేరాను. కాపురం ఎమ్మిగనూరులో. రెండింటికీ మధ్య ముప్పై కిలోమీటర్ల లోపు దూరం. పొద్దున్నే బస్సు పట్టుకుంటే పదిన్నరకు ముందే సీట్లో ఉండవచ్చు. కటింగులు పోను చేతికి వచ్చేది రెండు వందల పైచిలుకు. పెళ్ళికి ముందు కొన్ని నెలలు హోటల్లో తిన్నాను. భోజనం రూపాయిన్నర. నెలకు 25 రోజులు వేసుకుంటే 37 రూపాయల 50 పైసలు. జీతంలో ఆరింట ఒక వంతు మధ్యాహ్నానికే పోయేది.

1974లో పెళ్ళయింది. ఆ నెల నుండే నోటుపుస్తకంలో కొత్త పద్దు మొదలైంది. ఇంటి సద్దికి బియ్యం, జొన్నలు, పప్పు, నూనె, కట్టెలు కలిపి రోజుకు 60 పైసలు వేశాను. నెలకు 15 రూపాయలు. మిగులు 22 రూపాయల 50 పైసలు. అందులో 20 రూపాయలు పోస్టాఫీసులో పదేళ్ళ సి.టి.డి. ఖాతాకు కట్టేవాణ్ణి. మన తరం వాళ్ళకు ఆ మూడు అక్షరాలు చెప్పనక్కరలేదు. పదేళ్ళలో కట్టింది 2,400 రూపాయలు. 1984లో వడ్డీతో కలిపి మూడు వేల పైచిలుకు వచ్చింది. ఇప్పుడు మేముంటున్న ఇంటి స్థలానికి ఇచ్చిన బయానా ఆ డబ్బే.

నా మొదటి డబ్బా సత్తుది. ఈ సత్తు పాత్రలు కూడా మన మద్రాసు రాజధానిలో పుట్టినవే. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే అధికారి అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. ఇత్తడికి కళాయి పూయించలేని పేదవాళ్ళకు అవి అక్కరకు వచ్చాయి. కానీ పుల్లటి పుండికూర పెడితే డబ్బా లోపల నల్లబడి, చిన్న చిన్న గుంటలు పడేవి. అందుకని మా ఆవిడ పుండికూరను చిన్న పింగాణీ గిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, దాన్ని డబ్బాలో ఒరగకుండా నిలబెట్టేది. స్టీలు డబ్బా వచ్చింది ఎనభైలలోనే. ఆ డబ్బా మీద నా పేరు చెక్కించారు. ఎవరి పేరు చెక్కించాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

చేతికి స్వేచ్ఛ

డబ్బు మిగలడం ఒక్కటే సద్ది చేసిన మేలు కాదు. కార్యాలయంలో పనిచేసినవారందరికీ తెలుసు, ఫైలు ఉన్నవాడు సరిగ్గా ఒంటిగంటకే వస్తాడు. "రా సార్, భోంచేస్తూ మాట్లాడుదాం" అంటాడు. ఒకసారి అతని డబ్బుతో తిన్నామంటే, మరునాడు ఫైలు మీద నోటు వ్రాసే చెయ్యి కొంచెం వణుకుతుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 ప్రవర్తన నియమాలలో ఎప్పుడో ఒక పూట భోజనం బహుమతి కిందికి రాదని చెబుతూనే, తనతో అధికారిక వ్యవహారం ఉన్నవారి నుండి తరచుగా గానీ, ఆడంబరంగా గానీ ఆతిథ్యం పొందరాదని వ్రాశారు. ఒక పూటకూ తరచుగాకూ మధ్య గీత ఎక్కడో ఏ నియమావళీ చెప్పలేదు. నాకు ఆ గీత మా ఆవిడ గీసి ఇచ్చింది. "సద్ది ఉందప్పా, ఇంట్లో తిడతారు" అంటే చాలు, పిలిచినవాడు నొచ్చుకోకుండా వెళ్ళిపోయేవాడు. నేను గొప్ప నీతిమంతుణ్ణని చెప్పుకోవడం లేదు. ఆకలి తీరిన మనిషికి నీతి సులువు అంటున్నాను.

ఎవరు ఎక్కడ కూర్చున్నారు

సద్ది గురించి మంచి మాటలే చెప్పి ఊరుకుంటే అది చరిత్ర కాదు. మా పెద్దలలో కొందరు సద్ది తెచ్చుకున్నది పొదుపు కోసం కాదు, మడి కోసం. బయట ఎవరు వండారో, ఎవరు వడ్డించారో అన్న శంక. మరికొందరు తెచ్చుకున్నది హోటలు వాళ్ళు లోపలికి రానివ్వక. 1938లోనే మద్రాసు ప్రభుత్వం ఇలాంటి సాంఘిక నిషేధాల తొలగింపుకు చట్టం చేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంతో హోటల్లోకి రానివ్వకపోవడం దేశమంతటా నేరమైంది. అయినా వేరే గ్లాసులు చాలా కాలం ఉన్నాయి. ఒకే రకం డబ్బా, లోపల ఒకే జొన్నరొట్టె, తెచ్చుకున్న కారణాలు మూడు.

నేను చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో మేమంతా బెంచీలు దగ్గరకు లాక్కుని తినేవాళ్ళం. మా అటెండరు మాత్రం వెనుక వసారాలో గోడ వైపు తిరిగి తినేవాడు. అతన్ని అక్కడికి పొమ్మని ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి రమ్మనీ ఎవరూ అనలేదు, నేను కూడా. కొన్నేళ్ళకు కొత్తగా వచ్చిన టైపిస్టు అమ్మాయి ఒకరోజు నేరుగా వసారాలోకి పోయి, "అన్నా, మీ ఇంటి ఊరిబిండి కొంచెం పెట్టు" అని చెయ్యి చాపింది. ఆ మరునాడు నుండి అతని బెంచీ కూడా మాతో కలిసింది. మేము ఏళ్ళ తరబడి చేయలేని పనిని ఆమె ఒక ముద్ద ఊరిబిండితో చేసింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ఆ అమ్మాయి డబ్బా సంగతి కూడా చెప్పాలి. మాకు సద్ది కట్టేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. ఆమె తన సద్ది తానే కట్టుకుని, భర్తకూ అత్తగారికీ వండిపెట్టి, మాతో పాటే పదిన్నరకు హాజరు పట్టీలో సంతకం చేసేది.

మా ఆవిడ అడిగిన ప్రశ్న

ఇప్పుడు ఆ ప్రశ్న. నోటుపుస్తకం చూపించి, "చూడు, పదేళ్ళలో ఎంత మిగిల్చానో" అన్నాను. ఆమె పేజీలు తిప్పి, "బియ్యం రాసినారు, జొన్నలు రాసినారు, కట్టెలు రాసినారు. నా తెల్లవారుజాము ఏ పద్దులో రాసినారు?" అని అడిగింది.

ఎగతాళిగానే అడిగింది. కానీ నేను పద్దుల మనిషిని, ఊరుకోలేకపోయాను. కూర్చుని లెక్క వేశాను. 2008లో పదవీ విరమణ చేసేనాటికి నా సర్వీసు 35 ఏళ్ళు. ఎమ్మిగనూరులోనే పనిచేసి మధ్యాహ్నం ఇంటికి వచ్చి తిన్న 7 ఏళ్ళు తీసివేస్తే 28. ఏడాదికి 260 పనిదినాలు చొప్పున 7,280. నా సెలవులు పోను, చిల్లర వదిలేసి, 7,000 డబ్బాలు. ఆమె లేచేది నాలుగున్నరకు. వీధి కుళాయి నీళ్ళు, పొయ్యి, రొట్టె తట్టడం, రోట్లో ఊరిబిండి నూరడం, డబ్బా కట్టడం. ఇంటి పని అంతా కాదు, ఒక్క సద్ది వరకే గంటన్నర వేశాను. మొత్తం 10,500 గంటలు. రోజుకు ఎనిమిది గంటల డ్యూటీగా లెక్కిస్తే 1,312 రోజులు. ఏడాదికి 300 రోజుల వంతున నాలుగేళ్ళ నాలుగు నెలల పైచిలుకు సర్వీసు. ఇంక్రిమెంటు లేదు, డి.ఏ. లేదు, ఆదివారం కూడా లేదు.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ప్రజలు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 1877 నాటి పౌను గింజల లెక్కలో లేనిది, 1948 చట్టంలో లేనిది, నా నోటుపుస్తకంలో లేనిది ఇన్నాళ్ళకు ఒక సర్కారు కాగితం మీదికి వచ్చింది. సంతోషమే. కానీ పద్దు వ్రాసినంత మాత్రాన చెల్లింపు అయినట్లు కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

భిక్ష కాదు

మనం ఏటా డిసెంబరు 17న ఎందుకు కలుసుకుంటున్నామో అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ మాట మనం ప్రతి సభలో చెప్పుకుంటాము, చప్పట్లు కొడతాము.

అదే మాట కుటుంబ పింఛనుకు కూడా వర్తింపజేద్దాం. కేంద్రం 1964లో కుటుంబ పింఛను పథకం తెచ్చింది. మన సంఘంలో ఆ పింఛను తీసుకునే అక్కలు, వదినలు చాలామంది ఉన్నారు. "ఆయన పుణ్యాన నాలుగు మెతుకులు తింటున్నా" అని ఒక వదినగారు నాతో అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఆయన ముప్పై ఏళ్ళు సీట్లో కూర్చుని పనిచేయగలిగింది ఆమె ముప్పై ఏళ్ళు తెల్లవారుజామున లేచినందుకు. ఆమె తీసుకునేది ఆయన పుణ్యం కాదు, తన బకాయి.

ఆ బకాయి చేతికి అందాలంటే కాగితాలు సరిగా ఉండాలి. అదే వదినగారి పేరు పింఛను ఉత్తర్వులో ఒక విధంగా, ఆధారులో ఇంకొక విధంగా ఉండి, భర్త పోయిన దుఃఖంలో నెలల తరబడి తిరగవలసి వచ్చింది. ఆయన బతికి ఉండగా ఒక్క దరఖాస్తుతో సరిపోయే పని. కనుక మిత్రులారా, ఈ సంచిక పక్కన పెట్టగానే మీ పింఛను ఉత్తర్వు తీసి చూడండి. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ, ఉమ్మడి ఫోటో సరిగా ఉన్నాయా? ఆధారులో, బ్యాంకు పుస్తకంలో అదే పేరు ఉందా? లేకపోతే ఈ వారమే సరిచేయించండి. దరఖాస్తు వ్రాయడం రాకపోతే నా దగ్గరికి రండి. సద్ది తెచ్చుకోనక్కరలేదు, మా ఇంట్లోనే తిందాం. ఈమధ్య పొద్దున పొయ్యి నేనే వెలిగిస్తున్నాను, రొట్టె మాత్రం ఇంకా గుండ్రంగా రావడం లేదు.

ఆ నోటుపుస్తకం చివర ఒక పేజీ ఖాళీగా ఉంది. మొన్న రాత్రి అందులో ఒక పద్దు వ్రాశాను: "తెల్లవారుజాములు, 10,500 గంటలు, చెల్లించవలసినది." మా ఆవిడకు చూపించాను. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి మరీ చదివింది. "పండగలూ ఆదివారాలూ కలిపినారా?" అని అడిగింది.

కలపలేదు. సవరణ పద్దు వ్రాయాలి.